థాయ్ బడిలో ఇంగ్లీషు టీచరుగా కుదురుకోవడం ఎలా: బరంపురం, పర్లాకిమిడి వైపు వాళ్లకి

ఏటా ఫిబ్రవరి దాటగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. బరంపురం నుంచి, ఛత్రపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, ఒక్కోసారి రాయగడ నుంచి. ఎవరి చెల్లెలో, ఎవరి స్నేహితుడో. "అక్కా, థాయిలాండ్‌లో ఇంగ్లీషు టీచర్లని తీసుకుంటున్నారట కదా, మనలాంటోళ్లని కూడా తీసుకుంటారా?" తీసుకుంటారు. నేను నాలుగేళ్లుగా ఇక్కడే, ఈశాన్య మూలనున్న ఉబొన్ రాచథానీలో ఉన్నాను. ఊరి పేరు చూసి బెదిరిపోకండి, అది ఉత్పల రాజధానే. పలకడం మారింది, అంతే. ఫోన్లో ఒక్కొక్కరికీ చెబుతుంటే సగం మర్చిపోతున్నాను కాబట్టి వరసగా రాసిపెడుతున్నాను.

ముందు ఆ "మనలాంటోళ్లు" సంగతి. ఆ మాటలో ఉన్న బెంగ నాకు తెలుసు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, ఇంగ్లీషు పుస్తకంలో. శ్రీకాకుళం వెళ్తే మన తెలుగు విని నవ్వుతారు, కటక్ వెళ్తే మన ఒడియా విని నవ్వుతారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు గీత మన పెరళ్ల మీదుగా పోయింది. అప్పట్నుంచీ మన ఇళ్లలో రేషన్ కార్డు ఒక భాషలో, పెళ్లి శుభలేఖ ఒక భాషలో. అర్థం కాని బోర్డు కింద నిలబడి బస్సు ఎక్కడం, పక్కవాళ్లు మన గురించి ఏదో అనుకుంటుంటే మొహం చూసి గ్రహించడం మనకి చిన్నప్పటి నుంచీ ఉన్న పనే. ఒకే భాష ఉన్న ఊళ్లో పుట్టి వచ్చినవాళ్లు ఇక్కడ మొదటి మూడు నెలలూ దీంతోనే సతమతమవుతారు. మనకి ఆ బాధ తక్కువ. మనల్ని పడగొట్టేది వేరు: కాగితాలు.

1. మీ పేరు మీరే అక్షరం అక్షరం చదువుకోండి

టికెట్టూ వీసా తర్వాత. పదో తరగతి సర్టిఫికెట్, డిగ్రీ, ఆధార్, పాస్‌పోర్ట్ నాలుగూ మంచం మీద పరిచి పేరు పోల్చి చూడండి. ఒడియా నోట్లో వకారం బకారమవుతుంది. విజయ బిజయ అవుతుంది, వాసు బాసు అవుతాడు, వెంకట బెంకట అవుతాడు. బళ్లో చేర్చిన రోజున మేస్టారు విన్నట్టే రాసుకున్నారు, నాన్న కింద సంతకం పెట్టేశారు. నాదీ ఇదే కథ. పదో తరగతిలో బి, పాస్‌పోర్ట్‌లో వి. ఇరవై ఏళ్లు ఎవరికీ పట్టలేదు. ఇక్కడికి వచ్చాక ఒక ఆఫీసులో ఒకమ్మాయి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, పెన్ను మొనతో మొదటి అక్షరం దగ్గర ఆగి, "ఈవిడ ఎవరు? మరి ఈవిడ ఎవరు?" అని ఎంతో మర్యాదగా అడిగింది. ఆ ఒక్క అక్షరానికి నాకు ఏడు వారాలు పట్టింది.

ఇంటిపేరు ఇంకో తలనొప్పి. మనం ముందు రాస్తాం, ఒడిశా ఫారాల్లో చివర రాస్తారు, కొందరి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. ఖాళీ ఉంచకండి. సూత్రం ఒక్కటే: డిగ్రీలో పేరు ఎలా ఉందో పాస్‌పోర్ట్ అలాగే ఉండాలి. యూనివర్సిటీ చేత పాత సర్టిఫికెట్లు మార్పించడం కన్నా పాస్‌పోర్ట్ మళ్లీ తీసుకోవడం తేలిక. చిన్న తేడాలకి ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ రాయించి దగ్గర పెట్టుకోండి, కానీ దాని మీదే ఆధారపడకండి. ఆ కాగితం మన దగ్గర నడిచినంత బాగా పరాయి దేశంలో నడవదు.

పాస్‌పోర్ట్ చేతిలో ఉండగానే ఈసీఆర్ ముద్ర, అంటే ఎమిగ్రేషన్ అనుమతి కావాలన్న ముద్ర, ఉందేమో చూడండి. మన ప్రభుత్వం ఎమిగ్రేషన్ అనుమతి అడిగే దేశాల జాబితాలో థాయిలాండ్ కూడా ఉంది. పదో తరగతి పాసైతే ఆ ముద్ర ఉండక్కర్లేదు. పాత పాస్‌పోర్ట్‌లో పొరపాటున ఉండిపోతే ముందే తీయించుకోండి.

2. కాగితాలు, ఈ వరసలో

డిగ్రీ ఒరిజినల్ కావాలి, ప్రొవిజనల్ పనికిరాదు. నేను చదివిన చోట ఒరిజినల్ చేతికి రావడానికి మూడుసార్లు తిరిగాను. మూడోసారి గుమాస్తా గారు "ఇంత తొందరేంటమ్మా" అన్నారు. డిగ్రీ అయి అప్పటికి ఆరేళ్లు. మీరు ఉద్యోగం వెతకడం మొదలుపెట్టక ముందే దీనికి అప్లై చేసెయ్యండి.

ఆ తర్వాత ధ్రువీకరణ. ముందు రాష్ట్ర స్థాయిలో, తర్వాత విదేశాంగ శాఖలో, ఆ తర్వాత థాయ్ ఎంబసీ లేదా కాన్సులేట్‌లో. వరస తప్పితే మళ్లీ మొదటికే. కొన్ని సంస్థల సర్టిఫికెట్లకి ఈ-సనద్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే పని అవుతుంది. మీ యూనివర్సిటీ అందులో ఉందేమో ముందు చూసుకోండి, ఉంటే అదృష్టమే. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ పాస్‌పోర్ట్ సేవా ద్వారా వస్తుంది. ఇది ఎక్కువ కాలం చెల్లదు కాబట్టి చివర్లో తీసుకోండి.

ఇంగ్లీషు మన పుట్టు భాష కాదు కాబట్టి టోయిక్ గానీ ఐఈఎల్‌టీఎస్ గానీ ఇంగ్లీషు పరీక్ష స్కోరు అడుగుతారు. 120 గంటల టెఫెల్ (పరాయి భాషగా ఇంగ్లీషు నేర్పే శిక్షణ) సర్టిఫికెట్ కూడా ఉంటే మంచిది. బీఈడీ చేసినవాళ్లు ఆ ఒరిజినల్ తప్పకుండా పట్టుకెళ్లండి. దాని విలువ ఇక్కడ తెలుస్తుంది. థాయ్ బడిలో పాఠం చెప్పాలంటే టీచర్ల మండలి లైసెన్సు గానీ, తాత్కాలిక అనుమతి గానీ ఉండాలి. ఆ మండలి పేరు ఖురుసఫా. పైకి ఒకసారి అనండి. గురుసభ!

3. ఉద్యోగం వెతకడం, మోసం పసిగట్టడం

ఇక్కడ బడి సంవత్సరం మే మధ్యలో మొదలవుతుంది. అక్టోబరులో సెలవులు, నవంబరు నుంచి మార్చి దాకా రెండో టర్మ్. కాబట్టి మార్చి, ఏప్రిల్‌లో ఎక్కువ, సెప్టెంబరు, అక్టోబరులో కొంచెం ఉద్యోగాలు పడతాయి. బ్యాంకాక్ మీద మోజు వదిలి జిల్లాల్లో చూడండి. పోటీ తక్కువ, ఖర్చు తక్కువ.

చాలా ప్రకటనల్లో "ఇంగ్లీషు పుట్టు భాష అయినవాళ్లే" అని రాసి ఉంటుంది. అయినా అప్లై చేయండి. ఎవరూ దొరక్కపోతే టర్మ్ మొదలయ్యే వారంలో వాళ్లే ఫోన్ చేస్తారు, నాకు అలాగే వచ్చింది. జీతం సంగతి దాచను. నా మొదటి జీతం 22 వేల బాట్. పక్క బల్ల మీద కూర్చుని అవే క్లాసులు చెప్పే తెల్లబ్బాయికి 35 వేలు. అతనికి బీఈడీ లేదు, నాకుంది. మొదట్లో చాలా మండేది. ఇప్పటికీ మండుతుంది గానీ, ఏటా కాంట్రాక్టు రాసేటప్పుడు నోరు విప్పి అడగడం నేర్చుకున్నాను. బాట్ అంటే మన డబ్బుల్లో రెండున్నర, మూడు రూపాయల మధ్య ఆడుతుంటుంది. అద్దె 4 వేలు, తిండికి 6 వేలు, ఇంటికి 7 వేలు పంపి, మిగిలిందాంతో బతికాను.

ఇప్పుడు మోసాల సంగతి. మన తాతలు గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి "రంగం", అంటే బర్మాలోని రంగూన్, పోయిన కథలు మీ ఇంట్లోనూ ఉండే ఉంటాయి. ఇప్పుడు కొందరు పిల్లలు తెలియకుండానే ఆ బర్మాకే చేరుతున్నారు. బ్యాంకాక్‌లో ఉద్యోగం అంటారు, ఎయిర్‌పోర్టులో కారెక్కిస్తారు, కారు సరిహద్దు ఊరు మేసోట్ వైపు పోతుంది, నది దాటిస్తారు. అవతల మ్యావడీలో సైబర్ మోసాల కంపెనీల్లో బందీలు. 2025 మార్చిలో మన వాయుసేన విమానాలు మేసోట్ నుంచి 500 మందికి పైగా మనవాళ్లని వెనక్కి తెచ్చాయి.

కాబట్టి ఇలా చేయండి. బడి పేరు, ఊరు ముందే అడగండి, వీడియో ఇంటర్వ్యూ బడిలోంచే ఇమ్మనండి, వెనకాల బల్లలు, పిల్లలు కనబడాలి. అనుభవం లేని టీచరుకి నెలకి లక్షన్నర ఇస్తామంటే ఫోన్ పెట్టేయండి. ఏజెంటు ఉంటే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని పేరు రిజిస్టరై ఉందో లేదో చూడండి. "ముందు టూరిస్టుగా రండి, వచ్చాక వీసా మారుద్దాం" అని కొన్ని నిజమైన బళ్లు కూడా అంటాయి. అయినా మొదటిసారి వెళ్లేవాళ్లు ఒప్పుకోవద్దు. ఉద్యోగానికిచ్చే నాన్-ఇమిగ్రెంట్ బి వీసా (నాన్-బి) చేతికొచ్చాకే బయల్దేరండి. ఇప్పుడు ఈ-వీసా కాబట్టి ఇంటి దగ్గర్నుంచే అప్లై చేయొచ్చు. టూరిస్టుగా ఉంటూ పాఠం చెబితే పట్టుబడేది బడి మాత్రమే కాదు, మీరు కూడా.

4. సామాను

దీనికి ఎక్కువ రాయను. బట్టలు ఇక్కడ చవకే. రెండు పిన్నుల ఛార్జర్లు పనిచేస్తాయి, మన లావు మూడు పిన్నుల ప్లగ్గు దూరదు. చిన్న కుక్కరు, ఇంగువ, అమ్మ పెట్టిన ఊరగాయ, బరంపురం అప్పడాలు. నిద్ర మాత్రలు, గట్టి నొప్పి మాత్రలు వాడేవాళ్లు డాక్టరు చీటీ లేకుండా తేవద్దు. ఆడవాళ్లు ఒక బరంపురం పట్టుచీర, మగవాళ్లు ఒక పట్టు కండువా తప్పకుండా పెట్టుకోండి. పట్టు విలువ తెలిసిన జనం వీళ్లు. ప్రిన్సిపాల్ గారికి మొదటి రోజు ఇచ్చే కానుక కూడా అదే అయితే బాగుంటుంది.

మన ఫోన్ నంబరు పోగొట్టుకోవద్దు. చిన్న రీఛార్జి వేస్తూ బతికించుకోండి. బ్యాంకు, ఆధార్, పీఎఫ్ అన్నిటి ఓటీపీలూ దానికే వస్తాయి. ఉద్యోగానికి విదేశం వెళ్తున్నామని బ్యాంకులో చెప్పి సేవింగ్స్ ఖాతాని ఎన్ఆర్ఓ (విదేశాల్లో ఉండేవాళ్ల) ఖాతాగా మార్పించుకోవాలి, ఇది రూలు. మీరు తిరిగొచ్చేదాకా ఆగదు.

కోల్‌కతా వెళ్లి విమానం ఎక్కేవాళ్లకి ఒక విచిత్రం: బరంపురం నుంచి హౌరాకి రాత్రంతా రైలు, హౌరా పక్క నుంచి బ్యాంకాక్‌కి విమానంలో రెండున్నర గంటలు. గడియారం గంటన్నర ముందుకి తిప్పుకోండి. దిగేముందు డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి, 2025 మే 1 నుంచి అందరికీ తప్పనిసరి.

5. మొదటి నెల

ఇల్లు దొరగ్గానే ఇంటి ఓనర్‌ని అడగాల్సింది నీళ్లు వస్తాయా అని కాదు, టీఎం 30 వేస్తారా అని. విదేశీయులు ఇంట్లో దిగిన 24 గంటల్లో ఓనర్ ఇమిగ్రేషన్‌కి తెలియజేయాలి. వేయని ఓనర్ ఇల్లు ఎంత బాగున్నా వద్దు, తర్వాత వీసా పొడిగించేటప్పుడు ఆ రసీదు అడుగుతారు. మామూలుగా రెండు నెలల అద్దె డిపాజిట్, ఒక నెల అడ్వాన్సు. చాలా గదుల్లో వంటిల్లు ఉండదు, బాల్కనీలో కరెంటు పొయ్యి పెట్టుకోవడమే. కరెంటు యూనిట్ ఎంతో కాగితం మీద రాయించుకోండి.

వర్క్ పర్మిట్‌కి మెడికల్ సర్టిఫికెట్ అడుగుతారు. క్లినిక్‌లో పది నిమిషాల పని. ఏ జబ్బులు లేవని రాస్తారో చూస్తే నవ్వొస్తుంది, అందులో బోదకాలు కూడా ఉంది. డాక్టరు నా కాళ్ల వైపు చూసి తలూపాడు, అయిపోయింది.

నాన్-బి వీసా మొదట 90 రోజులకే. ఆ తర్వాత బడి కాగితాలతో ఇమిగ్రేషన్‌లో ఏడాదికి పొడిగిస్తారు, ఫీజు 1,900 బాట్. ఇక ప్రతి 90 రోజులకీ మీ అడ్రసు చెప్పుకోవాలి. గడువుకి 15 రోజుల ముందు నుంచి, గడువు దాటాక 7 రోజుల దాకా వీలుంటుంది. మర్చిపోతే 2,000 బాట్ జరిమానా. దసరాకో, చెల్లి పెళ్లికో ఇంటికొచ్చేముందు రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోండి, ఒకసారికి 1,000 బాట్. తీసుకోకుండా విమానమెక్కితే మీ వీసా అక్కడే చచ్చిపోతుంది. నాతో పనిచేసిన ఒక ఫిలిప్పీన్స్ టీచరుకి ఇదే జరిగింది, పాపం మొత్తం మళ్లీ మొదటి నుంచీ. వీసా గడువు దాటి ఉంటే రోజుకి 500 బాట్.

బడి కాగితాల మీద ఏడాది 2568 అని కనబడితే అచ్చుతప్పు అనుకోకండి. బుద్ధ శకం, మన లెక్కకి 543 కలపాలి. పుట్టిన తేదీ నింపేటప్పుడు జాగ్రత్త.

ఫిలిప్పీన్స్ టీచర్లతో స్నేహం చేయండి. ఏ గుమాస్తా మంచివాడు, ఏ బజార్లో చేపలు బాగుంటాయి, సగం ఇమిగ్రేషన్ చట్టం, అన్నీ వాళ్లకి తెలుసు.

6. క్లాసులో

ఉదయం 8 గంటలకి జెండా. పిల్లలంతా మైదానంలో వరసలు, జాతీయ గీతం, ప్రార్థన. మీరూ కదలకుండా నిలబడాలి. ప్రైమరీని ప్రథోమ్ అంటారు, హైస్కూలుని మత్తయోమ్. ప్రథమ, మధ్యమ. క్లాసుకి 40, 45 మంది. అందరికీ పెద్ద పెద్ద పేర్లు ఉంటాయి గానీ ఎవరూ వాడరు, ముద్దుపేర్లే. నా మొదటి క్లాసులో ఐస్, బ్యాంక్, బాల్, నోక్ అంటే పిట్ట, మూ అంటే పంది. మూ చాలా తెలివైన పిల్ల.

మొదటి వారం జరిగింది చెబుతాను, ఎందుకంటే మీకూ ఇదే జరుగుతుంది. బోర్డు మీద బస్ బొమ్మ వేసి గట్టిగా చెప్పాను. పిల్లలంతా ఒక్క గొంతుతో "బత్" అన్నారు. మళ్లీ చెప్పాను. "బత్." ఫుట్‌బాల్ అన్నాను, "ఫుత్‌బొన్" అన్నారు. యాపిల్ "ఎప్పెన్" అయింది. థాయ్ మాట చివర సకారం, లకారం నిలబడవు. సకారం తకారమైపోతుంది, లకారం నకారమైపోతుంది, అదీ పెదవి దాటకుండా లోపలే. నేను ఓపిక తెచ్చుకుని నాలుగోసారి చెప్పేసరికి, వెనక కూర్చున్న థాయ్ టీచరు చెయ్యెత్తి, "టీచర్, చివర్లో ఆ 'ఉ' కూడా పలకాలా?" అని అడిగింది. ఏ ఉ? ఫోన్లో రికార్డు చేసి విన్నాను. నేను నలభై మంది పిల్లల ముందు నిలబడి "బస్సు", "బస్సు" అంటున్నాను.

అదీ సంగతి. వాళ్లు చివరి హల్లుని మింగేస్తారు, మనం చివర ఒక అచ్చు తగిలిస్తాం. బరంపురంలో చదువుకున్నవాళ్లకి ఇంకొకటి అదనం: ఒడియాలో శ, ష, స మూడూ ఒకేలా పలుకుతాయి కదా, షర్ట్ కాస్తా "సర్ట్" అవుతుంది. కాబట్టి మొదటి క్లాసుకి వెళ్లే ముందు ఒక వారం మీ గొంతు మీరే రికార్డు చేసుకుని వినండి. సిగ్గుగా ఉంటుంది, అయినా వినండి.

పిల్లలకి నేను చేయించేవి ఇవి. సకారానికి పాము: మాట చివర అందరూ పాములా బుస కొడుతూ మూడు లెక్కపెట్టేదాకా ఆపకూడదు. ఎవరు ముందు ఆపితే వాళ్లు ఔట్. లకారానికి నాలుక కొన పైపళ్ల వెనక అతికించి, నేను వెళ్లి చూసేదాకా అలాగే ఉంచాలి. 45 మంది నోళ్లు తెరుచుకుని ఉండగా మధ్యలో నడుస్తుంటే పళ్ల డాక్టరులా ఉంటుంది. వకారానికి కింది పెదవి కొరకాలి. దీంట్లో మాత్రం నేనూ వాళ్లతో పాటే విద్యార్థిని. నా వకారం గురించి పైన చెప్పాను కదా.

మీ తప్పు కూడా పిల్లల ముందు బోర్డు మీద పెట్టేయండి. "మీరు బత్ అంటారు, నేను బస్సు అంటాను, ఇద్దరికీ సున్నా" అని రాశాను ఆ వారం. క్లాసు అంతా గొల్లుమంది. ఆ తర్వాత నోరు తెరవడానికి భయపడే పిల్లలు తెరిచారు. ఇంగ్లీషు ఇంట్లో పుట్టినవాళ్లు ఈ పని చేయలేరు.

ప్రశ్న అడిగితే క్లాసు మౌనంగా ఉంటుంది. రాదనుకోకండి. థాయ్‌లో "క్రెంగ్ చాయ్" అని ఒక మాట ఉంది. ఎదుటివాళ్లకి ఇబ్బంది కలిగిస్తామేమోనని వెనక్కి తగ్గడం. దీనికి ఇంగ్లీషులో సరైన మాట లేదని తెల్లవాళ్లు ఎంత వివరించాలో అంతా వివరిస్తారు. మనకి ఒక్క మాట చాలు: మొహమాటం. అర్థమైందా అని అడిగితే మొహమాటానికి అందరూ అవునంటారు. కాబట్టి అలా అడగొద్దు. ఇద్దరిద్దరిని జతచేసి ముందు వాళ్లలో వాళ్లనే చెప్పుకోమనండి, తర్వాత అందరి ముందుకీ తీసుకురండి.

గొంతు పెంచొద్దు, పదిమందిలో ఎవర్నీ తిట్టొద్దు. మనం ముద్దుగా పిల్లల తల నిమురుతాం, ఇక్కడ తల ముట్టుకోవడం తప్పు. కాలితో దేన్నీ చూపించొద్దు, కింద పడ్డ పెన్ను కాలితో జరపొద్దు, ఇది మన ఇళ్లలోనూ ఉన్నదే. పిల్లలు చేతులు జోడిస్తే చిరునవ్వుతో తలాడించండి, మీరు ముందుగా వాళ్లకి జోడించొద్దు. రాజకుటుంబం మీద జోకులు, పోస్టులు అస్సలు వద్దు. చట్టం చాలా గట్టిది, 3 నుంచి 15 ఏళ్ల జైలు. ఇక పరీక్షల్లో ఫెయిల్ చేయడం దాదాపు ఉండదు, తప్పినవాళ్లకి మళ్లీ ఏదో రాయించి పాస్ చేయాలి. దీని మీద నాకు అభిప్రాయాలున్నాయి, ప్రిన్సిపాల్ గారికీ తెలుసు, లాభం లేదు.

జూన్‌లో ఒక గురువారం "వాయ్ ఖ్రూ" చేస్తారు, గురువులకి మొక్కే రోజు. గురువారమే ఎందుకంటే వీళ్లకీ అది బృహస్పతి వారమే. పిల్లలు మోకాళ్ల మీద వచ్చి పళ్లెం చేతిలో పెడతారు. అందులో గరిక, నూరువరహాల పూలు, వంకాయ పువ్వు. వంకాయ పువ్వు ఎందుకని అడిగితే, అది తల వంచుకునే పూస్తుంది కదా అన్నారు. మా పెరట్లో ఇరవై ఏళ్లు వంకాయలు కోశాను, ఒక్కసారీ ఆ పువ్వుని అలా చూడలేదు. ఆ రోజుకి పట్టుచీర కట్టుకోండి, బొట్టు బిళ్లలు ఒక అట్ట ఎక్కువ పట్టుకెళ్లండి, ఆడపిల్లలందరికీ కావాలి.

7. థాయ్ నేర్చుకోవడం, నాలుగు మెతుకులు తినడం

అక్షరాలు నేర్చుకోండి, మాటలకన్నా ముందు. రాయడం కొత్త గానీ వరస మనదే: క వర్గం, చ వర్గం, ట వర్గం, త వర్గం, ప వర్గం, తర్వాత య ర ల వ. మొదటి అక్షరం "కొ కై", కోడి. రెండోది "ఖొ ఖై", గుడ్డు. ఫాసా అంటే భాష, ఆహాన్ అంటే ఆహారం, ఆచాన్ అంటే ఆచార్యుడు. ఇంత తేలికా అనుకునేలోపు స్వరాలు వస్తాయి, ఐదు. "ఖావ్" అన్నది స్వరం మారితే అన్నం, తెలుపు, వార్త. నేను మొదటి నెలంతా క్యాంటీన్‌లో ఒక ప్లేటు వార్తలు అడిగి తిన్నాను.

మగవాళ్లు మాట చివర "ఖ్రాప్", ఆడవాళ్లు "ఖా" చేర్చాలి, మన "అండి" లాగా. పేరు పెట్టి పిలవడానికి మనసొప్పని వాళ్లకి ఇది మంచి దేశం. పెద్దవాళ్లు "ఫీ", చిన్నవాళ్లు "నోంగ్". అమ్మ చెల్లెలికి ఒక పిలుపు, నాన్న చెల్లెలికి ఇంకో పిలుపు. క్యాంటీన్‌లో పెద్దావిడని "పా" అని పిలవండి, పెద్దమ్మ అన్నట్టు. మీ పళ్లెంలో ఒక గరిటె ఎక్కువ పడుతుంది.

తిండి: ఈశాన్యంలో ముద్దలా అతుక్కునే బంక బియ్యం చేత్తో తింటారు, స్పూను బెంగ లేదు. పచ్చి బొప్పాయి రోట్లో దంచే సోమ్ తామ్‌లో ఊరబెట్టిన చేప వేస్తారు. ఎండుచేప వాసన మధ్య పెరిగినవాళ్లకి రెండో రోజుకే అలవాటవుతుంది. శాకాహారులకి కష్టం, చేపల రసం అన్నిట్లోనూ పడుతుంది. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న "జే" కొట్లు వెతుక్కోండి. ఇంట్లో వండుకోవాలంటే పొట్టు తీసిన పెసరపప్పు, చింతపండు ఎక్కడైనా దొరుకుతాయి. అంటే చారుకి లోటుండదు. కందిపప్పు, కరివేపాకు కావాలంటే బ్యాంకాక్ వెళ్లినప్పుడు ఫాహురాత్ బజారు. అక్కడినుంచి నేను ఒకేసారి ఐదు కిలోలు మోసుకొస్తాను.

8. నవంబరు

మొదటి నాలుగు నెలలూ కొత్తలో గడిచిపోతాయి. ఇల్లు గట్టిగా గుర్తొచ్చేది రెండో టర్మ్ మొదట్లో. అక్టోబరు సెలవుల్లో టికెట్టు ఖరీదు చూసి ఆగిపోతారు, దసరా, దీపావళి ఫోన్లో చూస్తారు. అమ్మ "తిన్నావా తల్లీ" అని అడిగితే గొంతు పూడుకుపోతుంది. ఆ నెల కోసం ముందే ఏర్పాటు చేసుకోండి. శనివారాలు ఖాళీగా ఉంచుకోవద్దు. ట్యూషనో, థాయ్ క్లాసో పెట్టుకోండి. ఇంటికి రోజూ కాకుండా వారానికి రెండుసార్లు ఫోన్ చేయండి, చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది.

మన దగ్గర కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున అరటి దొప్పల పడవలు వదులుతూ "ఆ కా మా బై" అని పాడతాం కదా. ఒకప్పుడు ఈ తూర్పు సముద్రాలకే ఓడలు వెళ్లిన జ్ఞాపకం అది. దాదాపు ఏటా అదే పౌర్ణమి రాత్రి ఇక్కడ లోయ్ క్రథోంగ్. వీళ్లూ అరటి బోదె ముక్క మీద ఆకులు మడిచి, పూలు గుచ్చి, కొవ్వొత్తి పెట్టి నీళ్లలో వదులుతారు. బడిలో ముందు రోజే పిల్లలు చేస్తారు, టీచర్లకీ ఒక బోదె ముక్క ఇస్తారు. మనకి చేతులు వాటంతటవే ఆడతాయి. మొదటి ఏడాది నేను మడిచిన తీరు చూసి మూ వాళ్లమ్మమ్మ "ఎవరు నేర్పారు?" అని అడిగింది. చెప్పడానికి అప్పుడు నాకు సరిపడా థాయ్ రాదు. "అమ్మ" అన్నాను, ఆ మాట ఆవిడకి అర్థమైంది.

మీ ఊళ్లో నది ఎటు ఉందో ముందే కనుక్కోండి, చీకటి పడ్డాక ట్రాఫిక్ కదలదు. ఇంట్లో మనం తెల్లారి వదులుతాం, వీళ్లు రాత్రి వదులుతారు, గాలి ఎక్కువ. అగ్గిపెట్టె పనికిరాదు, లైటర్ పట్టుకెళ్లండి.